అలుగు మీద చెయ్యి

(నిజామాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



1467లో హాన్స్ టాల్‌హోఫర్ అనే జర్మన్ కత్తిసాము గురువు ఒక బొమ్మల పుస్తకం తయారు చేయించాడు. వ్యూర్టెంబెర్గ్ ప్రభువు ఎబర్‌హార్ట్ కోసం చేయించిన ఆ ప్రతి ఇప్పుడు మ్యూనిక్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో ఇద్దరు మనుషులు తలపడుతున్న బొమ్మ ఒకటుంది. ఒకడు తన కత్తిని తలకిందులు చేశాడు. రెండు చేతులతోనూ అలుగునే, అంటే కోసే రేకునే, పట్టుకున్నాడు. పిడిని, దాని చివరి గుండును సమ్మెటలా ఎత్తి ఎదుటివాడి తల మీద దించుతున్నాడు. ఒంటి మీద కవచం లేదు, చేతులకు తొడుగులు లేవు. బొమ్మ గీసినవాడు పొరపడ్డాడేమో అనిపిస్తుంది మొదట చూసినప్పుడు. పేజీలు తిప్పుతూ పోతే అలాంటివి ఇంకా వస్తాయి. ఒక చెయ్యి పిడి మీద, రెండో చెయ్యి అలుగు నడుమ. అలుగు మెడ వెనక, అలుగు మోకాలి వెనక. పొరపాటు ఇన్నిసార్లు జరగదు. ఇది నేర్చిన విద్య.

ఈ సభ ఎవరి పేర జరుగుతున్నదో ఆ సారు మనకు చరిత్ర చెప్పారు. రాజు పేరు కన్నా ముందు పనిముట్టు పేరు చెప్పేవారు. యుద్ధం ఎప్పుడు జరిగిందో చెప్పే ముందు ఎవరి చేతిలో ఏముందో, ఆ చెయ్యి దాన్ని ఎలా పట్టుకుందో అడిగేవారు. సాయంత్రం తాలీంలో, అంటే కుస్తీ, సాము నేర్పే చోట, ఎర్రమట్టి మీద నిలబడి కూడా అదే మాట. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి నేను ఒక పట్టును విషయంగా ఎంచుకున్నాను. అది మన పట్టు కాదు. యూరప్‌ది. కానీ దాన్ని సరిగా చూస్తే మన పక్కనే ఉన్న కోనసముద్రం దాకా దారి తీస్తుందని నా నమ్మకం.

ముందు ఆ పట్టు సంగతి చూద్దాం. జర్మన్ గురువులు దీన్ని సగం కత్తి అనీ, పొట్టి కత్తి అనీ అన్నారు. కుడి చెయ్యి పిడి మీదే ఉంటుంది. ఎడమ చెయ్యి అలుగు మధ్యలోకి వస్తుంది. మూడున్నర, నాలుగు అడుగుల కత్తి అప్పటికప్పుడు ఒక పొట్టి ఈటె అవుతుంది. మొన ఎటు పోవాలో ఎడమ చెయ్యి చూసుకుంటుంది, వెనక నుంచి కుడి చెయ్యి తోస్తుంది. రెండు చేతులూ అలుగు మీదికి వెళ్లి పిడితో మోదితే అది రెండో పద్ధతి. దాని పేరు మోర్డ్‌హౌ, అంటే చావుదెబ్బ. ఆ కాలపు పొడుగు కత్తి బరువు సాధారణంగా కిలో, కిలోన్నర మధ్య. బరువంతా పిడి దగ్గరే కూడి ఉంటుంది కాబట్టి మామూలుగా పట్టుకున్నప్పుడు చేతిలో తేలిగ్గా ఆడుతుంది. తిరగేసి పట్టుకుంటే ఆ బరువే దూరంగా, కొట్టే కొనకు వెళుతుంది. ఇనుప టోపీ పగలకపోయినా లోపల తల అదురుతుంది. పిడికి అడ్డంగా ఉండే కమ్మి కొక్కెంలా పనిచేసి మెడనో మోకాలినో లాగుతుంది.

చెయ్యి ఎందుకు తెగదు? ఇది ఎక్కడ చెప్పినా మొదట వచ్చే ప్రశ్న. బోధన్ వైపు వాళ్లకు దీనికి జవాబు తేలిగ్గా అందుతుంది. చెరుకు ఆకును పిడికిట బిగించి పట్టుకుంటే ఏమీ కాదు. ఆ ఆకే చేతిలోంచి సర్రున జారితే వేళ్లు చీరుకుపోతాయి. అంచు నొక్కితే కోసేది తక్కువ, జారితే కోసేది ఎక్కువ. కత్తి అలుగును పట్టుకునేవాడు ఆ జారుడును రానివ్వడు. అరచేతి మెత్తతో ఒక వైపు, వేళ్ల కొసలతో రెండో వైపు, అలుగు చదునుగా ఉన్న రెండు పక్కలనే బిగిస్తాడు. అంచుల మీద బరువు పడనివ్వడు. ఎదుటివాడు ఆ కత్తిని లాగితే తనూ దానితోపాటు కదులుతాడు గాని చేతిలోంచి జారనివ్వడు. భయపడి సగం సగం పట్టుకున్నవాడి చెయ్యే తెగుతుంది.

ముందు వరుసలో కూర్చున్న తాలీం పిల్లలకు ఒక్క మాట. దీన్ని ఇంట్లో వంటకత్తితో చూడొద్దు. వంటకత్తి అంచు కాగితంలా పలచన. ఖడ్గానికి అంత పలచని అంచు పెడితే మొదటి దెబ్బకే విరుగుతుంది, అందుకే దాని అంచు వెనక లోహం మందంగా ఉంటుంది. ఇవాళ ఈ విద్య నేర్చుకుంటున్నవాళ్లు కూడా మొద్దు కత్తులతోనే నేర్చుకుంటున్నారు.

చెయ్యి తెగదని తెలిసినంత మాత్రాన ఎవడూ అలుగు పట్టుకోడు. అలా పట్టుకోవలసిన అవసరం రావాలి. ఆ అవసరం కవచం తెచ్చింది. పద్నాలుగో శతాబ్ది చివరికల్లా, పదిహేనో శతాబ్దిలో మరీ ఎక్కువగా, మిలాన్, ఆగ్స్‌బర్గ్, న్యూరెంబెర్గ్ కమ్మరులు మనిషిని నెత్తి నుంచి పాదం దాకా ఇనుప రేకుల్లో బిగించగలిగారు. కీలు ఉన్నచోట రేకు మీద రేకు జారేలా అమర్చారు. అలాంటి మనిషి మీద వాదరతో ఎంత కొట్టినా గీత పడుతుంది, మెరుపు లేస్తుంది, అంతే. ఇక మిగిలిన దారులు కొన్నే. చంక, మోచేతి లోపలి మడత, అరచెయ్యి, కంటి చీలిక, గజ్జ, మోకాలి వెనక. రెండు మూడు వేళ్ల వెడల్పున్న సందులవి. నాలుగడుగుల కత్తిని పిడి దగ్గర మాత్రమే పట్టుకుని, కదిలే మనిషి చంకలోకి మొన దూర్చడం ఎవరి తరమూ కాదు. మొన వణుకుతుంది, రేకుకు తగిలి పక్కకు జారుతుంది. ఎడమ చెయ్యి అలుగు మీదికి వచ్చాకే మొన మాట వింటుంది.

ఎడమ చెయ్యి అక్కడికి రావాలంటే అది ఖాళీగా ఉండాలి. ఇక్కడే నాకు అసలు విషయం దొరికింది. రేకుల కవచం బలపడ్డకొద్దీ యూరప్ వీరుడు డాలు వదిలేశాడు. ఒళ్లే డాలు అయ్యాక చేతికి వేరే డాలు ఎందుకు? ఎడమ చెయ్యి ముందు పిడి మీదికి వచ్చింది, పిడి పొడుగైంది, కత్తి రెండు చేతులదైంది. అక్కడి నుంచి ఆ చెయ్యి ఇంకొంచెం ముందుకు నడిచి అలుగు మీద నిలిచింది.

ఈ విద్యలో సగం కుస్తీ. ఇది మన పహిల్వాన్లకు నచ్చే సంగతి. ఫియోరె దేయి లిబేరి అనే ఇటలీ గురువు 1409, 1410 ప్రాంతంలో రాయించిన పుస్తకం కుస్తీతోనే మొదలవుతుంది. తర్వాత బాకు, తర్వాత కత్తి, తర్వాత కవచంలో కత్తి, ఈటె, చివర గుర్రం మీద పోరు. జర్మనీలో యొహానెస్ లీఖ్టెనావర్ సంప్రదాయంలో ఓట్ అనే కుస్తీ గురువు పాఠాలను కత్తి పాఠాల పక్కనే రాసి పెట్టారు. ఎందుకో సులువుగానే తెలుస్తుంది. అలుగు మధ్యలో పట్టుకుంటే దూరం తగ్గిపోతుంది. ఇద్దరి ఊపిరీ ఇద్దరికీ తగిలేంత దగ్గరికి వస్తారు. అక్కడ కత్తి మూడో చెయ్యి అవుతుంది. ఎదుటివాడి మెడ వెనక్కి వేసి ముందుకు లాగొచ్చు, మోకాలి వెనక పెట్టి ఎత్తి పడేయొచ్చు, చంక కింద దూర్చి భుజం తిప్పేయొచ్చు. కుస్తీలో ధోబీపఛాడ్ పట్టు తెలిసినవాడికి టాల్‌హోఫర్ పేజీలు కొత్తగా అనిపించవు. నడుము ఎక్కడికి పోతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో చూస్తే పట్టు తెలిసిపోతుంది.

మన బోధన్ దగ్గరి హున్సాలో హోలీ నాడు ముందు కుస్తీలు, ఆ తర్వాత పిడిగుద్దులాట. నడుమ తాడు కట్టి, రెండు పక్కలవాళ్లూ ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో గుద్దుకుంటారు. ఒక చెయ్యి కట్టుబడి ఉంటే మిగతా ఒళ్లంతా ఎలా మారుతుందో చూడాలంటే హున్సా వెళ్లాలి. భుజం ఎటు తిరుగుతుందో, పాదాలు ఎలా పాతుకుంటాయో అక్కడ కళ్లారా కనబడుతుంది. కత్తిసాము పుస్తకాలు చదివేవాళ్లకు అది మంచి పాఠశాల అని నేను నిజంగా అనుకుంటున్నాను.

ఫియోరె గురించి ఇంకొక్క సంగతి. తన విద్య చెప్పనందుకు వేరే గురువులు తనను ద్వంద్వ యుద్ధానికి పిలిచారని, పదునైన కత్తులతో అయిదుసార్లు పోరాడానని, అప్పుడు ఒంటి మీద మెత్తటి దూది కుర్తా, చేతులకు తోలు తొడుగులు తప్ప ఇంకేమీ లేవని ఆయన తన ముందుమాటలో రాసుకున్నాడు. కవచంలో పోరే మేలని, అందులో ఒక దెబ్బ తప్పినా బతుకుతామని, పదును కత్తుల ముందు కవచం లేకపోతే ఒక్క తప్పు చాలని ఆయన అభిప్రాయం. ఆయన తర్వాత 1480లలో ఉర్బీనో ప్రభువు గ్విదోబాల్దోకు పుస్తకం అంకితమిచ్చిన ఫిలిప్పో వాది ఇంకో అడుగు ముందుకేశాడు. కవచంలో పోరాడే కత్తికి మొన దగ్గర నాలుగు వేళ్ల మేరే వాదర ఉంటే చాలన్నాడు. అంటే మిగతా అలుగంతా చెయ్యి పెట్టుకోవడానికి వదిలేసినట్టే. పదహారో శతాబ్దిలో వచ్చిన ఆరడుగుల పెద్ద కత్తులకు పిడి ముందు జానెడు దూరం వాదర లేకుండా ఉంచి తోలు చుట్టారు. దాని ముందు అడ్డంగా రెండు కొమ్ములు పెట్టారు. మొదట తెగింపుగా వెళ్లిన చెయ్యి చివరికి కమ్మరి కొలతల్లోకి ఎక్కింది.

ఇక మన వైపుకు వద్దాం.

కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఆ ఊరి మీదుగా వెళ్లనివాళ్లు తక్కువ. పదిహేడో శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, నీటి అలల్లాంటి మెరుపు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. ఆ ఉక్కు తయారయిన చోట్లలో కోనసముద్రానిది పెద్ద పేరు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త అయిన హెన్రీ వాయ్‌సీ ఇక్కడికి వచ్చి కొలిమిని దగ్గర నిలబడి చూశాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్నది 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

వాయ్‌సీ చెప్పిన పద్ధతి ఇది. రెండు రకాల ఇనుము తీసుకుంటారు. మిట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. మట్టి మూసలో పెట్టి మూసేస్తారు. కొలిమి చుట్టూ తిత్తులు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు ఊదుతూ ఒక రాత్రి, ఒక పగలు మంట ఆరనివ్వరు. చల్లారాక మూస పగలగొడితే అడుగున గుండ్రటి ఉక్కు బిళ్ల. అది అప్పటికింకా సమ్మెట దెబ్బకు ఆగదు, పగిలిపోతుంది. దానికి మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాచి, చల్లార్చి, మళ్లీ కాచి మెత్తబరుస్తారు. మూడు నాలుగుసార్లు ఇలా చేశాకే అది కత్తి కొట్టేవాడి చేతికి వెళుతుంది.

ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు అక్కడ ఉన్నాడని, ఈ ఉక్కు కోసం వచ్చి, పాళ్లు తూచడం దగ్గర నుంచి బిళ్లలు కాచడం దాకా దగ్గరుండి చూసుకుంటున్నాడని వాయ్‌సీ రాశాడు. పర్షియాలో ఈ ఉక్కును చేయాలని చూసి చేయలేకపోయారట. ఎంత దూరం! జాగ్రోస్ కొండల అవతల నుంచి ఒక మనిషి ఓడలెక్కి, బండ్లెక్కి, మన కమ్మర్‌పల్లి దాకా వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడు. ఆ వర్తకుడి పేరు మనకు మిగిలింది. మూస నింపినవాళ్ల పేర్లు, తిత్తి ఊదినవాళ్ల పేర్లు మిగల్లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో ఏదో మెలిపెడుతుంది.

ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. గట్టిదనం, మంచి వాదర దానివి. లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో దాని మీదే పరిశోధన మొదలుపెట్టాడు. మన కాలంలో, 1990ల నుంచి, అమెరికాలో జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి, ఖనిజంలో అతి స్వల్పంగా ఉండే వెనేడియం లాంటి లోహాల వల్లే ఆ అలల మెరుపు వస్తుందని చూపించారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి 2010లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి చిట్టెం దిబ్బలను, మూస పెంకులను నమోదు చేశాయి. మన చరిత్ర పరిశోధకులు జైకిషన్ గారు అంతకు ముందు నుంచే ఈ ఊళ్లు తిరుగుతూ తెలంగాణ ఇనుము చరిత్ర రాశారు.

ఇప్పుడు సారు అడిగే ప్రశ్న అడుగుదాం. ఇంత ఉక్కు చేసిన దక్కన్‌లో చెయ్యి ఎక్కడుంది?

సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఒక తల్వార్ ముందు కాసేపు నిలబడితే కొంత జవాబు దొరుకుతుంది. పిడి పొట్టిది. వేళ్లు నాలుగూ ఇరుక్కుని సరిపోతాయి. పిడి చివర గుండ్రటి బిళ్ల. అది మణికట్టుకు ఆనుకుని, చేతిని వదులుగా ఆడనివ్వదు. కాబట్టి దెబ్బ మణికట్టు నుంచి కాదు, భుజం నుంచి, నడుము నుంచి వస్తుంది. అలుగు వంపు తిరిగి ఉంటుంది, దెబ్బ తగలగానే వెనక్కి లాగుతుంది. ఇందాక చెరుకు ఆకు దగ్గర చెప్పుకున్న ఆ జారుడే ఈ కత్తికి ప్రాణం. జారుడును ఆపే విద్య అక్కడ, జారుడును పండించిన విద్య ఇక్కడ. చాలా తల్వార్లకు పిడి ముందు అంగుళం, రెండంగుళాలు వాదర ఉండదు. చూపుడు వేలు అడ్డుకమ్మి దాటి ఆ మొద్దు భాగం మీద పడుతుంది. మన చెయ్యి కూడా అలుగు మీదికి వెళ్లింది. ఒక్క వేలంత దూరం.

ఎడమ చెయ్యి మాత్రం ఖాళీ కాలేదు. తెలంగాణ పల్లెల పొలిమేరల్లో నిలిచిన వీరగల్లులు చూడండి. కుడి చేత కత్తి, ఎడమ చేత డాలు. పందొమ్మిదో శతాబ్ది దాకా దక్కన్ సిపాయి తోలు డాలు వదల్లేదు. ఈ ఎండలో నిలువెల్లా ఇనుప రేకులు బిగించుకుని గుర్రం మీద పొద్దంతా తిరగడం జరిగే పని కాదు. మనవాళ్లవి గొలుసు కవచాలు, ఛాతీకి, వీపుకు, పక్కలకు నాలుగు రేకులు, దళసరి దూది అంగీలు. వాటిని దాటడానికి పొడవాల్సి వస్తే కత్తి పట్టు మార్చలేదు. కత్తినే మార్చారు. కఠారి చూడండి. పిడికిలితో గుద్దినట్టు పొడిచే ఆయుధం అది. అడ్డపిడి పట్టుకుంటే మొన చేతికి సూటిగా ముందుంటుంది, భుజం బరువంతా దాని వెనక పడుతుంది. గొలుసు కడియం చిట్లి లోపలికి దిగుతుంది. దీని తొలి రూపాలు విజయనగర సామ్రాజ్యం నాటివి. పట్టా అనే కత్తి ఇంకా ముందుకు పోయి మోచేతి దాకా ఇనుప తొడుగులో చేతిని బిగించేసింది. ఒకే సమస్య ముందు యూరప్‌లో చెయ్యి చోటు మారింది. దక్కన్‌లో ఆయుధమే మారింది.

దీనికి ఒక సాక్ష్యం నాకు చాలా ఇష్టం. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో యూరప్ అలుగులు ఓడల మీద పడమటి రేవులకు దిగి దక్కన్ సంతల్లోకి వచ్చాయి. వాటిని ఫిరంగి కత్తులన్నారు. తిన్నని, పొడుగాటి, రెండంచుల అలుగులు. కొన్ని టాల్‌హోఫర్ శిష్యులు పట్టుకున్న రకానికి దూరపు చుట్టాలే. మన కమ్మరులు వాటి పిడి తీసేసి ఖాండా పిడి వేశారు. ఆ పిడికి వేళ్లను కాపాడే గిన్నె ఉంటుంది, వెనక చివర ఒక పొడుగాటి ముల్లు ఉంటుంది. రెండు చేతులతో కొట్టాలనుకుంటే ఎడమ చెయ్యి ఆ ముల్లును పట్టుకుంటుంది. అదే అలుగు, అదే ఎడమ చెయ్యి. అక్కడ పిడికి ముందు, ఇక్కడ పిడికి వెనక. అలుగు సముద్రం దాటి వచ్చింది గాని పట్టు రాలేదు. రావలసిన పనీ లేదు, ఇక్కడ ఎదుటివాడి ఒళ్లు వేరు. ఏది గొప్ప అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న నాకు పనికిరానిదిగా తోస్తుంది. ఎదుటివాడి ఒంటి మీద ఏముందో తెలియకుండా చేతి పట్టును తూచలేం.

యూరప్‌లోనూ ఈ విద్య నిలవలేదు. తుపాకి బలపడ్డాక రేకుల కవచం బరువే మిగిలింది, అది పోగానే అలుగు మీద చేతికీ పని పోయింది. పదిహేడో శతాబ్ది దాటాక దీన్ని చేసి చూపేవాళ్లు లేరు. దాదాపు మూడు వందల ఏళ్లు అది గ్రంథాలయాల్లో పడుకుంది. 1990ల నుంచి యూరప్‌లో, అమెరికాలో కొందరు ఆ ప్రతులు తెరిచారు. పాత జర్మన్ చదువుకున్నారు, ఇటాలియన్ చదువుకున్నారు. మొద్దు కత్తులు చేయించుకుని ఒక్కో బొమ్మనూ ఒళ్లు వంచి చేసి చూశారు. బొమ్మలో పాదం ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి నడుము కనిపెట్టారు. గురువు లేకుండా పోయిన విద్య కాగితం మీద నుంచి లేచి నడిచింది. ఇంత పెద్ద విద్యను పుస్తకం లేకుండా ఎవరూ పూర్తిగా గుర్తుంచుకోలేరని ఫియోరె ఆరు వందల ఏళ్ల కింద చెప్పింది అక్షరాలా రుజువైంది.

మనకు రాత లేదా? ఉంది. అగ్నిపురాణం కత్తి, డాలుతో చేసే కదలికలు ముప్పైరెండింటిని పేర్లతో చెప్పింది. భ్రాంతం, ఉద్భ్రాంతం, ఆవిద్ధం, ఆప్లుతం, ఇలా సాగుతుంది. పేర్లున్నాయి, బొమ్మలు లేవు. ఉద్భ్రాంతంలో ఎడమ పాదం ఎక్కడుంటుందో ఆ పేరు నుంచి ఎవరు చెప్పగలరు? పన్నెండో శతాబ్దిలో, మన ఇందూరు (నేటి నిజామాబాద్), బోధన్ ప్రాంతాలను ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం రాయించాడు. అందులో మల్లుల తిండి, సాధన, పోటీల గురించి వివరంగా ఉంది. రాజు కూర్చున్న చోటి నుంచి చూసిన వివరం అది. పట్టు లోపలి నుంచి, చెయ్యి చెప్పిన వివరం కాదు. చేతులున్నవాళ్లు రాయలేదు, రాసేవాళ్లు ఆ చేతులను అడగలేదు. మన నష్టం అక్కడ మొదలైంది.

ఇది కత్తులకే పరిమితం కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. పాకం గింజ కట్టిందా లేదా అని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చుక్క రాసి, లాగి చూసి చెప్పే పాన్‌మెన్ అక్కడ ఉండేవాళ్లు. ఆ వేళ్లకు ఏం తెలుసో ఇంకా చెప్పగలిగినవాళ్లు బోధన్‌లో ఉన్నారు. వాళ్లను కూడా అడగాలి. కానీ ఇవాళ నా మాట తాలీం గురించి.

ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం వైపు కత్తిసాము ఇంకా ఆడుతున్నారు. మన దగ్గర కర్రసాము ఉంది, పీర్ల పండుగకు కర్ర, కత్తి తిప్పే ముసలివాళ్లు ఉన్నారు, తాలీం ఉస్తాదులు ఉన్నారు. వాళ్ల ఒళ్లలో ఉన్నది వీడియోల్లో చప్పట్ల కోసం తీసే తిప్పుడు కాదు. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో, దేనికి ఏ జవాబో వాళ్లకు తెలుసు. టాల్‌హోఫర్‌కు చిత్రకారుడు కావలసి వచ్చాడు, ప్రభువు డబ్బు కావలసి వచ్చింది. మీ జేబులో ఫోను ఉంది.

కాబట్టి పిల్లలూ, ఈ సెలవుల్లో మీ ఊరి ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి. కత్తి తిప్పి చూపించమని అడిగి ఊరుకోవద్దు. తల్వార్ పట్టినప్పుడు చూపుడు వేలు ఎక్కడ పెట్టాలో అడగండి. డాలు లేనప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడుండాలో, ఒంటికి దగ్గరగానా, వీపు వెనకనా అడగండి. కర్ర విరిగితే మిగిలిన ముక్కను ఎలా పట్టుకుంటారో అడగండి. ఎదుటివాడు మీ కర్రను పట్టేసుకుంటే ఏం చేస్తారో, వదిలించుకుంటారా, దానితోపాటు లోపలికి వెళతారా అడగండి. చెప్పినదాన్ని మెల్లగా చేయించి మూడు వైపుల నుంచి తీయండి. పాదాలు తప్పకుండా కనబడాలి, తీసేవాళ్లు ఎక్కువమంది నడుము దాకానే తీస్తారు. తీసినదాని కింద తేదీ, ఊరు రాయండి. చూపించినాయన పేరు, ఆయనకు నేర్పినాయన పేరు, తెలిస్తే ఆ ముందాయన పేరు కూడా రాయండి. వచ్చే ఏడాది ఈ సభలో ఉపన్యాసం ఉండదని, దానికి బదులు మీరు తెచ్చినవి ఇదే తెర మీద వరసగా చూపిస్తామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఒక్కోదానికి పది నిమిషాలు. ఉస్తాదులను కూడా పిలుచుకు రండి, ముందు వరుస వాళ్లది.